పాండురాజు తొందర

(హైదరాబాదు, చిక్కడపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం విశ్రాంత అటవీ అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు ఫోను చేసి "అడవి గురించి ఏదైనా మాట్లాడండి సార్" అన్నారు. ముప్ఫై ఏళ్లు అటవీశాఖలో పనిచేసినవాడికి 'ఏదైనా' అన్న వెసులుబాటు ఇస్తే రాత్రి పదయినా మైకు వదలడు. (నవ్వులు) అందుకని నా చుట్టూ నేనే ఒక కంచె వేసుకుని వచ్చాను. దుప్పులు ఎదకు వచ్చే రోజుల్లో వాటిని వేటాడటం. ఇవాళ ఈ ఒక్క సంగతే.

ముందు పేర్ల గొడవ తేల్చుకుందాం. మనం జింక అనే మాటను ధారాళంగా వాడేస్తాం. వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలిలో ఉండేదీ జింకే, చిలుకూరు మృగవనిలో ఉండేదీ జింకే, తెలంగాణ రాష్ట్ర జంతువు కూడా జింకే. నిజానికి హరిణ వనస్థలికి పేరు తెచ్చిన కృష్ణజింక వేరే కుటుంబం. దాని కొమ్ములు జీవితాంతం ఉంటాయి. చుక్కల దుప్పి, కణితి అసలైన దుప్పి జాతివి. వీటిలో మగవాటికే కొమ్ములు. అవి రాలిపోతాయి, మళ్లీ మొలుస్తాయి. మొలిచేటప్పుడు వాటిమీద మెత్తని నూగు చర్మం ఉంటుంది, అందులో రక్తం పారుతూ ఉంటుంది. గాయపడిన ఒక దుప్పికి పశువైద్యుడు కట్టు కడుతుంటే ఆ లేత కొమ్మును ఒకసారి పట్టుకున్నాను. జ్వరం వచ్చిన పిల్లవాడి చెయ్యి పట్టుకున్నట్టు వెచ్చగా ఉంది. కొన్ని నెలలకు ఆ చర్మం ఎండి, పొదలకు రుద్దుకుంటే ఊడిపోయి, లోపలి ఎముక బయటపడుతుంది. అప్పుడది ఆయుధం. ఆ ఆయుధం సిద్ధమైందంటే పోతుకు మదకాలం వచ్చిందని అర్థం. పశువులున్న ఇళ్లలో పెరిగినవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఈ కాలంలో వేట తప్పా ఒప్పా అన్నదాని మీద, నాకు తెలిసినంతలో, అతి పాత వాదోపవాదం భారతంలో ఆదిపర్వంలో ఉంది. కథ మీ అందరికీ తెలుసు. పాండురాజు అడవిలో జంటగా కలిసి ఉన్న రెండు జింకలను చూసి బాణాలు వేస్తాడు. మగ జింక మనిషి గొంతుతో మాట్లాడుతుంది. ఆయన కిందముడనే ముని, భార్యతో కలిసి జింక రూపంలో ఉన్నాడు. భార్యతో కలిసిన క్షణంలోనే నీ ప్రాణం పోతుందని శపిస్తాడు. చిన్నప్పుడు మనం విన్నది ఇంతవరకే.

శాపానికి ముందు ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణను మాత్రం చాలామంది దాటేస్తారు. పాండురాజు వెంటనే క్షమించమనలేదు. వకీలులా వాదించాడు. రాజులు శత్రువులను చంపినట్టే మృగాలనూ చంపుతారు, ఎదురుగా అయినా చంపుతారు, దాగి అయినా చంపుతారు, అగస్త్యుడంతటివాడే వేటాడాడు, నాదేం తప్పు అన్నాడు. కిందముడి జవాబు నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. జింకను చంపావని నిన్ను తప్పు పట్టడం లేదంటాడు. మేము కలిసి ఉన్న సమయం గడిచేదాకా ఆగవలసింది కదా అంటాడు. నేను మునినని నీకు తెలియదు కాబట్టి బ్రహ్మహత్య పాపం కూడా నీకు అంటదంటాడు. మరి శాపం దేనికి? వేటకు కాదు, మునిని చంపినందుకూ కాదు. ఆ తొందరకు. కేసు పుస్తకంలో నేరాన్ని ఇంత జాగ్రత్తగా విడదీసి రాసిన అధికారిని నేను చూడలేదు, నన్ను కలుపుకునే చెబుతున్నాను. (నవ్వులు)

ముని అడిగిన ఆ కాస్త ఆగడం వేటగాడికి ఎందుకంత కష్టమో అడవిలో చూస్తే తెలుస్తుంది.

నేను నల్లమలలో, మన్ననూరు వైపు పనిచేస్తున్న రోజులు. మే నెల. పొద్దున అయిదున్నర. జంతువుల కోసం మేము కట్టించిన నీటి తొట్టి ఒకటుంది, సాసర్ పిట్ అంటాం. దానికి కాస్త దూరంలో జీపు ఆపుకుని కూర్చున్నాం. నాతో మా ప్రొటెక్షన్ వాచర్ ఉన్నాడు, చెంచు పెద్దాయన. పొదల్లోంచి ఒక అరుపు వచ్చింది. దుప్పి పులిని చూసి అరిచే కీచు అరుపు మీలో కొందరు వినే ఉంటారు. ఇది అది కాదు. గరగరలాడే గొంతుతో, బరువుగా, వరసగా. పెద్దాయన నా మోచేతి మీద చెయ్యి వేశాడు. పోతు బయటికి వచ్చింది. కొమ్ములకు ఎండుగడ్డి వేళ్లాడుతోంది. నేలను, పొదలను కొమ్ములతో కుమ్మి కుమ్మి తెచ్చుకున్న అలంకారం అది. వెనక కాళ్ల మీద లేచి నిలబడి, పైకొమ్మ ఆకుల్లో తల రుద్దింది. పొట్ట వెన్నుకు అంటుకుని ఉంది. ముందు ఒక ఆడదుప్పి మేస్తూ పోతోంది. ఇది దాని వెనకాలే మెడ చాచి నడుస్తోంది. అది ఆగితే ఇదీ ఆగుతుంది. అలా నడుస్తూ నడుస్తూ మా జీపుకు పదిహేను అడుగుల దూరంలోకి వచ్చింది. మా వాసన తగిలి ఉండాలి, డీజిలు వాసన ఎలాగూ తగిలి ఉండాలి. మిగతా రోజుల్లో అయితే రెండు వందల అడుగుల దూరం నుంచే తోక ఎత్తి మాయమయ్యే జంతువు, మావైపు తల కూడా తిప్పకుండా పోయింది.

అది వెళ్లాక పెద్దాయన అన్నాడు: "దీన్ని కొట్టడానికి వేటగాడు అక్కరలేదు సార్. కర్ర ఉన్నవాడెవడైనా చాలు."

ఎద కాలంలో వేట అంటే ఇదే. ఆ రోజుల్లో మగది సరిగా మేయదు, సరిగా పడుకోదు, భయపడటం మరచిపోతుంది. చలిదేశాల ఎర్ర దుప్పుల్లో మదకాలం ముగిసేసరికి పోతు తన బరువులో అయిదో వంతు దాకా పోగొట్టుకుంటుంది. అమెరికాలో తెల్లతోక దుప్పి నవంబరులో ఎదకు వస్తుంది. ఆ నెలలో అక్కడ కార్ల కింద పడే దుప్పుల సంఖ్య పెరుగుతుంది. ఆడదాని వెంట పరుగెత్తే పోతుకు రోడ్డేమిటి, లారీ ఏమిటి!

అక్కడి వేటగాళ్లు ఈ నెల కోసమే ఏడాదంతా ఎదురుచూస్తారు. దాచుకునేదేమీ లేదు, లైసెన్సు ఉంటే అది చట్టబద్ధమే. రెండు కొమ్ములు చేత్తో పట్టుకుని టకటకా కొట్టి, పోతులు పోట్లాడుకుంటున్నట్టు చప్పుడు చేస్తారు. ఊదితే పోతు గుర్రుమన్నట్టు వినిపించే గొట్టాలు దుకాణాల్లో దొరుకుతాయి. ఎదలో ఉన్న ఆడదాని మూత్రం వాసన సీసాలో దొరుకుతుంది. జర్మనీలో రో అనే చిన్న దుప్పి జూలై, ఆగస్టుల్లో ఎదకు వస్తుంది. అక్కడివాళ్లు పెదాల మధ్య ఆకు పెట్టుకుని ఆడదాని గొంతు పలికిస్తారు. ఆ కాలానికే వాళ్ల భాషలో ఆకు పేరు పెట్టుకున్నారు. ఆ నైపుణ్యాన్ని నేను తక్కువ చేయను. మన కిందముడు వింటే ఏమంటాడో మాత్రం చెప్పగలను.

మీలో చాలామందికి పిల్లలు డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండి ఉంటారు. చేతులెత్తమని అడగను, సగం సభ ఎత్తుతుంది. (నవ్వులు) మన చుక్కల దుప్పి కూడా అక్కడ ఉంది. 1932లో టెక్సస్‌కు తీసుకెళ్లారు. తప్పించుకున్నవీ వదిలినవీ పెరిగి అడవుల్లో స్థిరపడ్డాయి. అక్కడి సొంత జంతువు కాదు కాబట్టి దానికి వేట నిషేధ కాలమంటూ లేదు. స్థలం యజమాని అనుమతి, లైసెన్సు ఉంటే పన్నెండు నెలలూ కొట్టవచ్చు. ఇది మన ఎండాకాలం అలవాటును అక్కడికీ తీసుకెళ్లింది. మే నుంచి ఆగస్టు దాకా గట్టి కొమ్ములతో అరుస్తూ తిరుగుతుంది. వేటగాళ్లు సరిగ్గా అప్పుడే వస్తారు. ఒకే జంతువు, ఒకే అరుపు. ఇక్కడ దాన్ని చంపితే జైలు, అక్కడ చంపితే గోడ మీద తల. అక్కడివాళ్లు చెడ్డవాళ్లని నేననను. పులి, రేచుకుక్క లేని నేలలో ఆ మంద పెరిగితే స్థానిక దుప్పుల మేత పోతుంది. ఎవరో ఒకరు తగ్గించాలి. స్కాట్లండులో దుప్పులు మరీ ఎక్కువయ్యాయని 2023లో మగవాటికి నిషేధ కాలాన్నే ఎత్తేశారు. ఆడవాటికి మాత్రం ఉంచారు, పాలు తాగే పిల్లలుంటాయని.

దీన్ని గమనించండి. వేట నిషేధ కాలం అనగానే జంటను కాపాడటానికి అనుకుంటాం. చాలా దేశాల చట్టాలు చూస్తే అవి కాపాడేది తల్లిని, కూనను. జతకట్టే పోతుకు రక్షణ అరుదు. మనకు ఆ ఆలోచన ఎంత పాతదంటే, అశోకుడి స్తంభ శాసనాల్లో ఒకదానిలో, చూలుతో ఉన్నవీ పాలిచ్చేవీ అయిన మేకలను, గొర్రెలను, పందులను, ఆరు నెలలు నిండని వాటి పిల్లలను చంపకూడదని ఉంది. కర్నూలు వైపు వెళ్తే ఎర్రగుడి బండమీద ఆయన మొదటి శిలాశాసనం చూడండి. రాజుగారి వంటశాలలో రోజుకు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే చంపుతున్నారనీ, ఆ జింక కూడా ప్రతిరోజూ కాదనీ, ఇకముందు ఈ మూడూ చంపరనీ చెక్కించాడు. 'ఆ జింక కూడా ప్రతిరోజూ కాదు' అన్న ముక్క నాకు మహా ఇష్టం. లెక్క తప్పు చెప్పకూడదన్న పట్టింపు కనిపిస్తుంది అందులో.

మదకాలంలో పెద్ద పోతులను కొట్టేస్తే ఏమవుతుంది? ఒకటి పోతే ఇంకొకటి ఉంది కదా అంటారు. కొంతవరకు నిజమే. అయితే ఆడది ఎదలో ఉండేది కొద్ది గంటలే, మహా అయితే ఒక రోజు. అప్పుడు జత కుదరకపోతే ఎర్ర దుప్పికి పద్దెనిమిది రోజులు, తెల్లతోక దుప్పికి నాలుగు వారాలు ఆగాలి. అంత ఆలస్యంగా పుట్టిన కూన చలికాలానికి బలపడదు. దుప్పి కాదుగాని సైగా అని రష్యా, కజకిస్తాన్ గడ్డి మైదానాల్లో ఒక జింక ఉంది. కొమ్ముల కోసం మగవాటిని విపరీతంగా చంపారు. చివరికి మిగిలిన ఒకటీ అరా మగవాటి చుట్టూ పెద్ద ఆడవి చేరి, వయసులో చిన్నవాటిని దగ్గరికి రానివ్వలేదు. ఆ చిన్నవాటిలో చాలావాటికి ఆ ఏడాది చూలే నిలవలేదు.

అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. మన చుక్కల దుప్పి విషయంలో ఈ వాదన అంత గట్టిగా నిలబడదు. అది ఏడాది పొడవునా ఎంతో కొంత జతకడుతూనే ఉంటుంది. వేసవిలో ఎక్కువ, అంతే. ఎనిమిది నెలలకు కాస్త ముందుగా, చలికాలంలో కూనలు ఎక్కువగా కనబడతాయి. కణితిది వేరే పంచాంగం. దానికి చలి మొదలయ్యాక మదం, వానలకు కూన. కాబట్టి దుప్పి ఎద కాలం అని ఒకే తేదీ గోడ మీద రాసి పెట్టుకుందామంటే మన అడవిలో కుదరదు.

ఇక చట్టం. ఇక్కడ కాసేపు నిలబడతాను, నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఒక్కదెబ్బకు నిషేధించిందని చాలామంది అనుకుంటారు. లేదు. అది వచ్చినప్పుడు అందులో వేట లైసెన్సులున్నాయి, పెద్ద జంతువులకు ఒకటి, చిన్నవాటికి ఒకటి. నిషేధ కాలం ప్రకటించే అధికారం ఉంది. రాత్రి వేటాడకూడదు, దీపం వేసి వేటాడకూడదు, నీటి గుంట దగ్గర కాచుకోకూడదు, బండిమీద వెంటాడకూడదు అని ఉంది. ప్రత్యేక అనుమతి లేకుండా కూనను, ఆడదాన్ని, కొమ్ములమీద నూగు చర్మం ఉన్న దుప్పిని చంపకూడదని కూడా ఉంది. ఈ చివరిది చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నూగు కొమ్ముల దుప్పిని షికారీ దొరలు ఎటూ కొట్టరు. గోడకు తగిలించడానికి అది పనికిరాదు. గట్టి కొమ్ములున్నదే కావాలి. అంటే మదంలో ఉన్నదే. ఈ ఊళ్లో పాత ఇళ్ల గోడలమీద ఇంకా కొమ్ములు కనబడుతుంటాయి. ఈసారి చూసినప్పుడు లెక్కపెట్టండి, నూగు కొమ్ము ఒక్కటైనా ఉంటుందేమో! తమకు అక్కరలేనిదాన్ని కాపాడి, కావలసినదాన్ని లైసెన్సు కింద ఉంచుకున్నారు.

1991లో ఆ లైసెన్సులు, వాటితోపాటు ఈ నియమాలన్నీ తీసేసి, షెడ్యూలు జంతువుల, అంటే చట్టం జాబితాల్లో పేరున్న జంతువుల, వేటను పూర్తిగా నిషేధించారు. మంచి పని చేశారు. దాన్ని వెనక్కి తిప్పమని అడగడం లేదు. కానీ ఆ కాగితాలతోపాటు అడవి పంచాంగం కూడా పుస్తకంలోంచి పోయింది. వేట ఎప్పుడూ నేరమే అయినప్పుడు ఎప్పుడు ఎక్కువ జరుగుతుందన్న ప్రశ్న రాయవలసిన అవసరం లేకుండా పోయింది. నా తర్వాత వచ్చిన కుర్రవాళ్లు, మంచి చదువు చదివినవాళ్లు, కణితి ఎప్పుడు ఎదకొస్తుందని అడిగితే ఫోను తీశారు. చట్టానికి పన్నెండు నెలలూ ఒకటే. దొంగ వేటగాడికి కాదు.

వాడి లెక్క వినండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది, దుప్పులు ఇప్పచెట్ల కిందికి వస్తాయి. కుంటలు ఎండిపోతాయి, మిగిలిన ఒకటి రెండు నీటి చోట్లకు మంద మొత్తం వస్తుంది. అదే సమయానికి పోతు అరిచి మరీ తన చోటు చెబుతుంది. 1972 చట్టంలో వద్దన్నవన్నీ, రాత్రి, దీపం, నీటి గుంట, వరసగా వాడి పనిముట్లే. ఇక ఉచ్చు అయితే బైకు క్లచ్ తీగ చాలు. పది రూపాయల తీగకు మగది, ఆడది అన్న తేడా తెలియదు.

ఒక అక్టోబరులో అలాంటి ఉచ్చులో పడిన ఆడదుప్పిని స్వాధీనం చేసుకున్నాం. పోస్టుమార్టం మా రేంజి ఆఫీసు వెనక వేపచెట్టు కింద జరిగింది. డాక్టరుగారు పొట్ట కోసి, ఏమీ అనకుండా చేతులు బయటికి తీశారు. అరచేతుల్లో కూన. చర్మం మీద చుక్కలు అప్పటికే ఉన్నాయి. తడి కాగితం మీద సున్నపు చుక్కలు పెట్టినట్టు. పంచనామాలో జంతువుల సంఖ్య రాయాల్సిన గడి ఒకటుంది. ఒకటి రాయాలా రెండు రాయాలా అని రైటరు అడిగాడు. ఆ రాత్రి మేము దాని మీద చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఒకటి అని రాసి, పక్కన చూలుతో ఉన్నదని చేర్చాం.

వేసవిలో ఇంకో ఇబ్బంది ఉంది, అది మన వల్లే. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర. నేనూ భక్తుడినే, లోయలోకి దిగి ఆ జలపాతం కింద తల తడుపుకున్నవాడినే. కానీ పోతులు అరిచే నెలలో, నీళ్లు లేని నెలలో, పులుల అడవి నడిమధ్యలోంచి వేలమంది నడుస్తారు. మైకులు, హారన్లు. జాతర వద్దనను. రాత్రి పూట నడక ఆపితే, నీటి తొట్ల పక్కన వంటలు పెట్టకుండా చూస్తే చాలా తేడా ఉంటుంది. ఎదలో ఉన్న పోతును బెదరగొట్టడానికి తుపాకీ అక్కరలేదు. మృగవనిలో సెల్ఫీ కోసం పొదల్లోకి దూరేవారు కూడా అదే పని చేస్తున్నారు.

సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక శ్రోత: ఎద మీదున్న పోతు మాంసం బాగుండదంటారు, నిజమేనా?)

నిజమే. తిండి మానేసి, పరుగులు పెట్టి, పోట్లాడి అలసిన జంతువు మాంసం నల్లబడి గట్టిగా ఉంటుంది, కంపు కొడుతుంది. అక్కడి వేటగాళ్లే ఈ మాట ఒప్పుకుంటారు. నేను రుచి చూశానా అని మాత్రం అడగకండి, పెన్షను వస్తోంది. (నవ్వులు)

(ఒక వృద్ధురాలు: ఆ అరుపు ఎలా ఉంటుందో ఒకసారి వినిపిస్తారా బాబూ?)

అమ్మా, ఇంతమందిలో... సరే.

(వక్త రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని మూడుసార్లు అరిచి చూపారు. చప్పట్లు. మళ్లీ ఒకసారి అని సభలో కేకలు.)

వద్దండి, చాలు. దీన్ని నాకు నేర్పింది ఇందాక చెప్పిన పెద్దాయనే. ఆయనకు వాళ్ల నాన్న నేర్పాడట, విల్లు పట్టిన రోజుల్లో. ఈ అరుపు వింటే ఆ చుట్టుపక్కల పోతు ఏదైనా ఉంటే పోట్లాటకు నేరుగా మన ముందుకు వచ్చి నిలబడుతుంది. పెద్దాయన వాచర్ ఉద్యోగంలో చేరాక అడవిలో ఒక్కసారి కూడా అరవలేదు. నాకు కూడా మన్ననూరులో, వాళ్లింటి అరుగు మీదే, తలుపు వేసి నేర్పాడు.